స్టాండప్ కామెడీతో ధైర్యం, మనసుకి తేలిక, నలుగురి తోడు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాండప్, అంటే స్టేజీ మీద ఒక్కరే నిలబడి మాటలతో నవ్వించడం, నేర్చుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. కమెడియన్‌గా పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్ళ కోసం రాసింది కాదు. నలుగురిలో నోరు విప్పలేకపోతున్నవాళ్ళు, ఉద్యోగం కోసం కొత్త ఊరికి వచ్చి ఒంటరిగా ఉంటున్నవాళ్ళు, పెద్ద కష్టం దాటి వచ్చి ఆ సంగతి ఎవరితో ఎలా చెప్పాలో తెలియనివాళ్ళు, వీళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. తెలుగులో స్టాండప్ రాయడం నేర్పుతూ గమనించినవే ఇందులో ఎక్కువ.

స్టాండప్ చేస్తే నిజంగానే ధైర్యం వస్తుందా?

వస్తుంది. అయితే చప్పట్ల వల్ల వచ్చే ధైర్యం రెండు రోజుల్లో కరిగిపోతుంది. ఎవరితోనూ అనకూడదని ఏళ్ళ తరబడి దాచుకున్న మాటని పదిమంది ముందు అన్నారు, వాళ్ళు లేచి వెళ్ళిపోలేదు, పైగా "మా ఇంట్లోనూ ఇంతే" అన్నారు. నిలిచిపోయేది ఈ అనుభవం. ఇది ఒకసారి ఒంటబట్టాక ఆఫీసు మీటింగులో చెయ్యెత్తడం, బ్యాంకు కౌంటర్ దగ్గర రెండోసారి అడగడం లాంటివి తేలికవుతాయి.

నా అభిప్రాయంలో ఈ మేలు చాలావరకు స్టేజీ ఎక్కకముందే జరుగుతుంది. వారానికోసారి ఒక గదిలో కూర్చుని, ఎవరి నోట్‌బుక్ వాళ్ళు తెరిచి చదువుతూ, ఒకరి వాక్యాన్ని ఒకరు సరిచేసుకునే ఆ రెండు గంటల్లో జరుగుతుంది. మొదటివారం దాదాపు అందరూ "ఇదేమంత బాగోలేదు గానీ..." అని మొదలుపెట్టి చదువుతారు. కొన్ని వారాలకి ఆ ముందుమాట దానంతటదే పోతుంది. అప్పటికి ఇంకా ఒక్కరు కూడా మైకు పట్టుకుని ఉండరు. మరి స్టేజీ ఎందుకంటే, ముహూర్తం పెట్టుకుంటే తప్ప పెళ్ళిపనులు కదలనట్టు, షో తేదీ లేకపోతే రాత ముందుకి సాగదు.

నాకు సహజంగా హాస్యం రాదు. నేను చేయగలనా?

చేయగలరు. స్నేహితుల మధ్య ఎప్పుడూ జోకులు వేసేవాళ్ళకి మొదట్లో ఇదే ఎక్కువ కష్టమవుతుంది. వాళ్ళ స్నేహితులకి ముందు వెనుక కథంతా తెలుసు కాబట్టి సగం మాటకే నవ్వుతారు. స్టేజీ ముందున్న కొత్తవాళ్ళకి ఏమీ తెలియదు, మొదటినుంచీ కట్టుకుంటూ రావాలి. ఎక్కువ మాట్లాడకుండా ఓ మూల కూర్చుని అందరినీ గమనించేవాళ్ళ దగ్గర సరుకు చాలా ఉంటుంది. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు ఏమన్నారో వాళ్ళకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటుంది. అది చాలు, మిగతాది నేర్చుకోవచ్చు.

జోకు అసలు ఎలా తయారవుతుంది? ఒకటి చూపించగలరా?

మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి నత్తి ఉంది. మొదటివారం అతను రాసుకొచ్చింది ఇది: "నాకు నత్తి. అందుకని అందరూ నవ్వుతారు. చాలా బాధగా ఉంటుంది." ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ వినేవాళ్ళు జాలిపడి అక్కడితో ఆగిపోతారు, ఎందుకంటే కళ్ళకి కట్టేది ఏమీ లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ఏమన్నారు అని అడిగాం. అడగ్గా అడగ్గా ఒక టిఫిన్ సెంటర్ సంగతి బయటికొచ్చింది. తను కాస్త ఆగితే చాలు, ఎదుటివాళ్ళు తొందరపడి తన మాట వాళ్ళే పూర్తి చేసేస్తారట.

రెండో వారం అది ఇలా మారింది: "టిఫిన్ సెంటర్‌లో ప్... ప్... అన్నాను. పెసరట్టు అందామని. సర్వర్ పూరీ అనుకుని తెచ్చేశాడు. రెండేళ్ళుగా నేను పూరీయే తింటున్నాను." గదిలో నవ్వులు వచ్చాయి గానీ పేలాల్సినంత పేలలేదు. చిక్కు రెండు చోట్ల ఉంది. పెసరట్టు సంగతి మధ్యలో ఇరుక్కుంది, అది ముందే తెలియాలి. రెండోది తెలుగులో అందరికీ ఎదురయ్యే ఇబ్బంది. మన వాక్యం చివర క్రియ వస్తుంది, కాబట్టి నవ్వు పుట్టించే మాట దాని వెనక దాక్కుంటుంది. జనం "పూరీ" దగ్గర నవ్వబోతుంటే ఇంకా "తింటున్నాను" మిగిలే ఉంటుంది. నవ్వు మీద మాట పడుతుంది.

చివరికి స్టేజీ మీద అతను చెప్పింది ఇది: "నాకు పెసరట్టంటే ప్రాణం. మా వీధి చివర టిఫిన్ సెంటర్‌కి వెళ్ళి ప్... ప్... అన్నాను. సర్వర్ లోపలికి కేకేశాడు, 'ఒక పూరీ!' రెండేళ్ళయింది. ఇప్పటికీ నేనక్కడ తినేది పూరీ. ఇప్పుడు గుమ్మంలో కాలు పెట్టగానే అంటారు, 'వచ్చారు పూరీ సార్!'"

మొదటి వాక్యం సెటప్ (ముందుగా తెలియాల్సిన సంగతి), పూరీ కేక పంచ్ (నవ్వు పేలే మాట), చివర్లో "పూరీ సార్" ట్యాగ్ (ఆ నవ్వుకి తోడు ఇంకో నవ్వు). పంచ్ మాటలన్నీ వాక్యం చివరికి జరిగాయి. ఇంతకంటే ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. మొదటివారం రాతలో తప్పు నత్తిది. చివరి రూపంలో తప్పు సర్వర్ తొందరది. ఆ "ప్... ప్..." దగ్గర ఎంతసేపు ఆగితే జనం ఎంతగా ఎదురుచూస్తారో అతనికి ఇప్పుడు తెలుసు. ఇన్నాళ్ళూ అతన్ని ఆపేసిన ఆ క్షణం మీదే అతనికి పట్టు వచ్చింది. ఈ మార్పు కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

మైకు దగ్గరికి వెళ్ళగానే టెన్షన్. కాళ్ళు వణుకుతాయి, గొంతు ఎండిపోతుంది. ఏం చేయాలి?

ముందు దాన్ని అణిచేయాలన్న ప్రయత్నం మానేయండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఉపన్యాసం ఇవ్వబోయేవాళ్ళూ, పాట పాడబోయేవాళ్ళూ "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నప్పటికంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నప్పుడు బాగా చేశారు. టెన్షన్‌కీ ఉత్సాహానికీ గుండెదడ ఒకటే కాబట్టి దడని ఆపడం కంటే దాని పేరు మార్చడం సులువు.

ఇక చేతికి అందే పనులు. మొదటి రెండు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేటంత గట్టిగా కంఠతా పట్టండి, మిగతాది పాయింట్లుగా గుర్తుంటే చాలు. చేయి వణుకుతుంటే మైకుని స్టాండులోంచి తీయకండి. కాగితం పట్టుకోకండి, వణుకు కాగితంలో రెట్టింపు కనిపిస్తుంది. కావాలంటే అరచేతిలో నాలుగు మాటలు రాసుకోండి. వెళ్ళేముందు నీళ్ళు తాగండి, మరీ ఎక్కువ వద్దు. ఓపెన్ మైక్‌లో, అంటే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కగలిగే షోలో, మీకిచ్చేది సాధారణంగా నాలుగైదు నిమిషాలే. ఒక నిమిషం మిగిలుండగా వెనకనుంచి ఫోన్ లైట్ చూపిస్తారు, అది కనిపిస్తే కంగారుపడకుండా మీ చివరి జోకుకి వెళ్ళిపోండి.

ఎవరూ నవ్వకపోతే?

కొన్నిసార్లు నవ్వరు. పేరున్న కమెడియన్లు కూడా కొత్త జోకులు పట్టుకుని ఓపెన్ మైక్‌కే వస్తారు, ఏది పనిచేయదో తెలుసుకోవడానికి. మీరు చేయాల్సింది ఫోన్‌లో ఆడియో రికార్డు చేసుకోవడం. మర్నాడు వింటే, అసలు నవ్వే లేదనుకున్న సెట్‌లో (స్టేజీ మీద మీరు చెప్పినదంతా కలిపి ఒక సెట్) మూడు చోట్ల చిన్న నవ్వులు వినిపిస్తాయి. ఆ మూడూ ఉంచి మిగతాది తీసేయండి. దిగగానే "ఈవేళ జనం బాగోలేదు" అనే అలవాటు మాత్రం చేసుకోవద్దు.

ఎవరైనా మధ్యలో అరిస్తే?

అలా అరిచేవాళ్ళని హెక్లర్లు అంటారు. వాళ్ళని తిట్టి నోరు మూయించే వీడియోలు చూసి కొత్తవాళ్ళు అదే పద్ధతి అనుకుంటారు. నేను నేర్పేటప్పుడు అష్టావధానం గుర్తుచేస్తాను. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనే అవధాని ఏకాగ్రత చెడగొట్టడం. అవధాని కోపగించుకోడు. ఒక్క వాక్యంలో చమత్కారంగా జవాబిచ్చి, తిరిగి తన పద్యంలోకి వెళ్ళిపోతాడు. మీరూ అంతే, జవాబు ఒక్క వాక్యం దాటకూడదు. ఏమీ తట్టకపోతే "వస్తున్నానండీ, ఆ విషయానికే వస్తున్నాను" అని ముందుకి సాగిపోవచ్చు.

మానసిక ఆరోగ్యం కోసం స్టాండప్‌ని ఎక్కడైనా వాడుతున్నారా?

కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ గ్రానిరర్ అనే కౌన్సిలర్ 2004లో స్టాండ్ అప్ ఫర్ మెంటల్ హెల్త్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆయన కమెడియన్ కూడా, తనకీ డిప్రెషన్ ఉంది. మానసిక అనారోగ్యంతో ఉన్నవాళ్ళకి జోకులు రాయడం నేర్పి స్టేజీ ఎక్కిస్తారు. అంతకుముందు ఆయన ఒక కాలేజీలో స్టాండప్ పాఠాలు చెప్పేవారు. విమానమంటే భయపడే ఒక విద్యార్థిని షో అయిన మర్నాడు విమానం ఎక్కితే ఆ భయం లేకుండా పోయిందనీ, అలాంటివి చూశాకే ఈ ఆలోచన వచ్చిందనీ ఆయన చెబుతుంటారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆంజీ బెల్చర్ అనే కమెడియన్ 'కామెడీ ఆన్ రిఫరల్' పేరుతో, మనసుకి పెద్ద దెబ్బలు తగిలి కోలుకుంటున్నవాళ్ళకి కోర్సు నడుపుతున్నారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ కూడా దానికి సహకరించింది.

నవ్వు మీద పరిశోధనలు వేరే ఉన్నాయి. మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారని అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ గమనించారు. కలిసి నవ్వాక నొప్పిని తట్టుకునే శక్తి పెరుగుతుందని ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రాబిన్ డన్‌బార్ బృందం చూపించింది. వాళ్ళు ప్రయోగశాలలోనే కాక ఎడింబరో కామెడీ షోల ప్రేక్షకుల మీద కూడా పరీక్షించారు. అంటే మీరు స్టేజీ ఎక్కకపోయినా, వెళ్ళి కుర్చీలో కూర్చుని పదిమందితో నవ్వి వచ్చినా ఒంటికి కొంత మంచిదే.

అంటే మందులూ, కౌన్సెలింగూ మానేయొచ్చా?

మానకూడదు. డాక్టర్‌ని అడక్కుండా మందు మోతాదు కూడా మార్చకూడదు. రాత్రుళ్ళు నిద్రపట్టకపోయినా, బతకాలని లేదనిపిస్తున్నా జోకులు రాయడం పక్కనపెట్టి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నా విడాకులు, నాన్న మరణం, డిప్రెషన్... ఇవి స్టేజీ మీద చెప్పొచ్చా?

చెప్పొచ్చు. అయితే సమయం రావాలి. నేను ఒకటే చూస్తాను: చిన్న గదిలో, తెలిసినవాళ్ళ ముందు ఆ సంగతి చెప్పినప్పుడు ఎవరూ నవ్వకపోతే మీకేమవుతుంది? "సరే, రాత కుదరలేదు" అనిపిస్తే మీరు సిద్ధంగా ఉన్నట్టు. "నా బాధని ఎవరూ పట్టించుకోలేదు" అనిపిస్తే ఇంకొన్నాళ్ళు ఆగాలి. ఆలోపు రాయండి, స్నేహితులకి చదివి వినిపించండి, స్టేజీకి మాత్రం వేరే విషయం తీసుకెళ్ళండి.

పెద్ద విషయాన్ని చిన్న వివరంలోంచి పట్టుకోవడం మంచిది. తండ్రి పోయిన దుఃఖం మొత్తాన్ని ఐదు నిమిషాల్లో ఎవరూ చెప్పలేరు. పన్నెండోరోజు భోజనాల దగ్గర "గారెలు గట్టిగా ఉన్నాయి" అని అలిగిన బంధువు గురించి చెప్పగలరు. జనం నవ్వుతారు, నవ్వుతూనే వాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళని తలుచుకుంటారు. షో అయ్యాక ఎవరో ఒకరు వచ్చి చేయి పట్టుకుంటారు. అందుకే అలాంటి సెట్ ఉన్నరోజు ఒంటరిగా వెళ్ళొద్దు, తర్వాత మీతో కూర్చుని టీ తాగే మనిషిని వెంట తీసుకెళ్ళండి.

నన్ను నేను తక్కువ చేసుకుని నవ్వించడం మంచిదేనా?

కొద్దిగా అయితే ఫర్వాలేదు, జనానికి దగ్గరవుతారు. అదే అలవాటైతే నష్టం. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీసింది: నలుగురినీ కలిపేది, కష్టంలో మనల్ని నిలబెట్టేది, ఎదుటివాళ్ళని గాయపరిచేది, మనల్నే కించపరుచుకునేది. మొదటి రెండూ ఎక్కువగా వాడేవాళ్ళ మానసిక స్థితి బాగుందనీ, చివరిది ఎక్కువగా వాడేవాళ్ళలో దిగులు, ఆందోళన ఎక్కువనీ తేలింది. లావుగా ఉన్నవాళ్ళు, నల్లగా ఉన్నవాళ్ళు, బట్టతల ఉన్నవాళ్ళు మొదటిసారి రాసుకొచ్చేది తమ మీద తామే వేసుకునే జోకులే, ఎందుకంటే చిన్నప్పటినుంచీ విన్నవి అవే. మేం వాటిని వద్దనం. "ఆ మాట మొదట అన్నదెవరు? వాళ్ళ గురించి రాయి" అంటాం. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి చామనఛాయే, కానీ కళగా ఉంది" అన్న పెద్దమ్మ దగ్గర బోలెడు హాస్యం ఉంది.

ఇంట్లోవాళ్ళ మీద, కులం మీద, మతం మీద జోకులు వేయొచ్చా?

ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పేముందు వాళ్ళకి ఒకసారి వినిపించండి. రహస్యంగా చెప్పుకున్న మాటలు స్టేజీకెక్కితే నమ్మకం పోతుంది, దాన్ని ఏ నవ్వూ పూడ్చలేదు. కులం విషయంలో, మీరు పడిన అవమానం గురించి చెప్పడానికి మీకు పూర్తి హక్కుంది. ఇంకొకరి కులం పేరు పలికి నవ్వు తెచ్చుకోవడాన్ని మాత్రం మా గదిలో ఒప్పుకోం. మతం విషయంలో ప్రమాదం ఊహించుకున్నది కాదు. 2021 జనవరిలో ఇండోర్‌లో కమెడియన్ మునావర్ ఫారూకీ మతాన్ని కించపరిచారన్న ఆరోపణ మీద అరెస్టయి నెలకి పైగా జైల్లో ఉన్నారు. 2022 ఆగస్టులో ఆయన షో హైదరాబాద్ శిల్పకళావేదికలో భారీ పోలీసు బందోబస్తు మధ్య జరిగింది. ధైర్యం కోసం మొదలుపెట్టిన మనిషికి మొదటి ఏడాదిలోనే ఆ భారం అవసరం లేదని నా సలహా.

ఏ తెలుగులో చేయాలి? నా యాస వింటేనే నవ్వుతారేమో.

మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చేయండి. సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాస, శ్రీకాకుళం యాస రౌడీలకో, పనివాళ్ళకో, నవ్వులాటకో పెట్టారు. దాంతో హైదరాబాద్ ఆఫీసుల్లో యాస దాచుకుని, పుస్తకాల తెలుగో ఇంగ్లీషో మాట్లాడే అలవాటు ఎంతోమందికి పట్టుకుంది. స్టాండప్‌లో యాస మీద నవ్వరు, యాసలో చెప్పిన విషయానికి నవ్వుతారు. ఈ తేడా ఆ మనిషికి స్టేజీ మీద తెలిసిపోతుంది. పాలకొండ నుంచి వచ్చినావిడ తన మాటల్లో అత్తగారి కథ చెప్పుకుంటూ పోతే, మూడో నిమిషానికి యాస సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒంటరిగా నిలబడి మాటలతో నవ్వించడం మనకి కొత్తేమీ కాదు కూడా. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణం మధ్యలో దూరి ఊరి సంగతులు చెప్పేవాళ్ళు. బుర్రకథలో హాస్యపు వంత ఉండేదే అందుకు. హరికథలో పిట్టకథలు సరేసరి.

ఆడవాళ్ళకి ఇది సురక్షితమేనా?

చోటుని బట్టి. వెళ్ళేముందు నిర్వాహకులని మూడు విషయాలు అడగండి: నా స్పాట్ (స్టేజీ ఎక్కే వంతు) ఎన్నింటికి, లైనప్‌లో (ఆరోజు చేసేవాళ్ళ జాబితాలో) ఇంకెంతమంది ఆడవాళ్ళు ఉన్నారు, ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పాలి. సూటిగా జవాబివ్వనివాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. రాత్రి పదిన్నరకి ఇచ్చే స్పాట్ కంటే మొదటి నాలుగు స్పాట్‌లలో ఒకటి అడగడం మీ హక్కు. ఇల్లు దూరమని చెబితే మంచి హోస్ట్ మారుస్తారు.

నాకు అరవై దాటాయి. లాఫింగ్ క్లబ్బుకి వెళ్తున్నాను. అది చాలదా?

వెళ్ళండి, మానొద్దు. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో పార్కులో మొదలుపెట్టిన ఆ పద్ధతిలో జోకులతో పనిలేదు, నవ్వడమే వ్యాయామం. స్టాండప్‌లో అదనంగా దొరికేది మీ కథ చెప్పుకునే అవకాశం. పదవీ విరమణ చేసినవాళ్ళు మా గదిలో అందరికంటే శ్రద్ధగా రాస్తారు. వాళ్ళ కథలకి పాతికేళ్ళ పిల్లలు నవ్వినప్పుడు రెండు వైపులా ముఖాలు వెలిగిపోవడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

మా ఊళ్ళో ఓపెన్ మైక్ లేదు. మేమే మొదలుపెట్టాలంటే?

హైదరాబాద్‌లో అయితే 2010 నుంచి నడుస్తున్న బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్లు ఉన్నాయి. తెనాలిలోనో, నిర్మల్‌లోనో ఉన్నవాళ్ళు, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో తెలుగు కోసం మొహం వాచినవాళ్ళు సొంతంగా పెట్టుకోవాలి. అదేం కష్టం కాదు.

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. గ్రంథాలయం హాలు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్, స్కూల్లో ఆదివారం ఖాళీగా ఉండే తరగతి గది, ఏదైనా సరే. వారానికి రెండు గంటలు, ఆరు వారాలు, ఆ తర్వాత షో. కుర్చీలు దగ్గర దగ్గరగా వేయండి. వంద కుర్చీల హాల్లో ఇరవైమంది చెదురుమదురుగా కూర్చుంటే ఎవరూ నవ్వరు, అదే ఇరవైమంది చిన్న గదిలో ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే గది నిండా నవ్వే.

మొదటిరోజే కొన్ని నియమాలు పెట్టుకోండి. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. చదివినవాళ్ళని "బాగోలేదు" అనకూడదు, "ఇక్కడ ఇంకాస్త చెప్పు" అనాలి. ఎవరైనా ఏడిస్తే సర్దిచెప్పే హడావుడి వద్దు, కాసేపు ఆగి, కొనసాగిస్తారా అని వాళ్ళనే అడగాలి. చదవను అన్నవాళ్ళని బలవంతపెట్టకూడదు, రెండు నెలలు వింటూ కూర్చున్నా వాళ్ళు గుంపులో మనుషులే. ఇంకొకటి, టీ ఏర్పాటు తప్పకుండా ఉండాలి. స్నేహాలు కలిసేది ఆ పదిహేను నిమిషాల్లోనే. ఒకరు రెండు వారాలు రాకపోతే ఫోన్ చేసి అడిగే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

షో వీడియో యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో పెట్టాలా?

మొదటి ఏడాది వద్దు. గదిలో ముప్పైమంది ఇచ్చిన ధైర్యాన్ని, మిమ్మల్ని చూడనైనా చూడని ఒక్కడి కామెంట్ లాగేసుకోగలదు. మీ కోసం రికార్డు చేసుకోండి, దాచుకోండి. మిగతా సభ్యుల సెట్‌లు తీయాలంటే ముందు వాళ్ళని అడగండి. ఆ రోజు సరేనన్నవాళ్ళు తర్వాత తీసేయమంటే కారణం అడక్కుండా తీసేయండి. ఉద్యోగం, పెళ్ళి సంబంధం, అనారోగ్యం గురించి మాట్లాడినవాళ్ళ వీడియోలైతే గ్రూపు వాట్సాప్‌లో కూడా పెట్టొద్దు.